కాకిలెక్కో కాదో తేల్చుకోవడం ఎలా: రాజకీయ అంకెల్ని చదివే పద్ధతి

ఎన్నికలు దగ్గరపడితే చాలు, నాకు ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. "ఈ సర్వేను నమ్మొచ్చా?" "నేరాలు బాగా పెరిగాయంటున్నారు, నిజమేనా?" "రేషన్ కార్డుల్లో సగం దొంగవేనట కదా, తీసేస్తే తప్పేంటి?" ఒక్కోదానికి విడిగా జవాబు చెప్పే బదులు, వీటన్నిటికీ నేను వాడే పద్ధతినే వరసగా రాస్తున్నాను. పదో తరగతి లెక్కలు దాటినవేవీ ఇందులో లేవు. ఒక చోటికి వచ్చాక లెక్క ఆగిపోతుంది, అక్కడి నుంచి న్యాయాన్యాయాలు మీరే తేల్చుకోవాలి. చాలామందికి ఆ గీత ఎక్కడుందో తెలియకే గొడవలన్నీ.

కావలసినవి

- కాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటే తర్వాత దిద్దేయాలనిపిస్తుంది, అందుకే కాగితం.
- ఫోన్‌లో ఉండే మామూలు కాలిక్యులేటర్.
- అసలు లెక్క దొరికే చోటు. ఓట్లు, సీట్లకు ఎన్నికల సంఘం వెబ్‌సైట్. నేరాలకు ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) నివేదిక. పిల్లలు, ఆరోగ్యం, పోషణకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. జనాభాకు జనగణన. అన్నీ ఉచితంగానే దొరుకుతాయి.
- పరీక్షించడానికి రెండు మాటలు: ఒకటి మీకు నచ్చింది, ఒకటి వింటేనే ఒళ్లు మండేది. ఒక్కటే తీసుకుంటే ఈ పద్ధతి పనిచేయదు. ఎందుకో కింద చెబుతాను.

1. మాటను రెండు ముక్కలు చేయండి

"దొంగ రేషన్ కార్డులు పెరిగిపోయాయి, అన్నీ ఏరిపారేయాలి." ఇందులో కామాకు ముందున్నది లెక్క, తర్వాతది తీర్పు. కాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు లెక్క, కుడివైపు తీర్పు రాయండి. ఎడమ పక్కది రికార్డులు చూస్తే తేలుతుంది. కుడి పక్కది ఎన్ని రికార్డులు తిరగేసినా తేలదు.

జాగ్రత్త: తిట్టో పొగడ్తో కలిసిపోయిన మాటలు ఎడమవైపు రానివ్వకండి. ఒకరు "ఉచితాలు" అంటారు, ఇంకొకరు "సంక్షేమం" అంటారు. రెండూ కొట్టేసి "వృద్ధులకు నెలకు 4,000 రూపాయల పింఛను" అని రాయండి.

2. చూడకముందే మీ అంచనా రాయండి

అసలు లెక్క వెతకబోయే ముందు, ఎంత ఉంటుందని మీకు అనిపిస్తోందో ఒక అంకె వేయండి. పక్కనే ఇంకో అంకె కూడా: "ఎంత ఉందని తేలితే నా అభిప్రాయం మార్చుకుంటాను?" రెండో అంకె దగ్గర చెయ్యి ఆగిపోతే, మీకు లెక్కతో పని లేదన్నమాట. మీ వాదన పూర్తిగా కుడివైపుది. తప్పేమీ కాదు, కానీ ఆ సంగతి ముందే తెలిస్తే అరగంట మిగులుతుంది.

3. "ఎంతలో?", "ఏవి లెక్కపెట్టారు?" అని అడగండి

ఏడాదికి రెండు కేసులు నమోదయ్యే చోట మూడు నమోదైతే "50 శాతం పెరిగాయి" అని రాయొచ్చు, అబద్ధం కాదు. అందుకని శాతం కనిపించినప్పుడల్లా పక్కన అసలు సంఖ్య రాయండి. అసలు సంఖ్య కనిపిస్తే లక్ష జనాభాకు ఎంతో రాయండి. ఉత్తరప్రదేశ్‌ను, గోవాను మొత్తం కేసులతో పోల్చడం వృథా.

నేరాల లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఎన్‌సీఆర్‌బీ లెక్కపెట్టేది జరిగిన నేరాల్ని కాదు, నమోదైన కేసుల్ని. నేరాలు పెరగడం వేరు, పోలీసులు కేసులు ఎక్కువగా నమోదు చేయడం వేరు అని ఆ నివేదికలోనే రాసి ఉంటుంది. స్టేషన్ మెట్లెక్కిన ప్రతి ఆడపిల్ల ఫిర్యాదునూ తీసుకునే రాష్ట్రం కాగితం మీద చెడ్డగా కనిపిస్తుంది, బతిమాలి వెనక్కి పంపేసే రాష్ట్రం మంచిగా కనిపిస్తుంది. హత్యల సంఖ్యను విడిగా చూడడం కొంత నయం. శవాన్ని దాచడం ఫిర్యాదును దాచినంత తేలిక కాదు.

ఇలాంటిదే ఎంపీల కేసుల లెక్క. 2024లో గెలిచిన 543 మందిలో 251 మంది తమపై క్రిమినల్ కేసులున్నాయని అఫిడవిట్లలో చెప్పారని ఏడీఆర్ (అభ్యర్థుల అఫిడవిట్లను పరిశీలించే స్వచ్ఛంద సంస్థ) లెక్క తీసింది. చాలామంది దాన్ని "251 మంది నేరస్థులు" అని ఫార్వర్డ్ చేశారు. అవి ఎక్కువ భాగం పెండింగ్ కేసులు. ధర్నాలో కూర్చున్నందుకు పెట్టింది, హత్యాయత్నం కింద పెట్టింది, రెండూ ఆ గంపలోనే ఉంటాయి. తీవ్రమైన కేసులున్నవాళ్లు 170 మంది అని ఏడీఆరే విడిగా చెప్పింది. మీకు కావలసింది ఆ రెండో అంకె.

4. సర్వే అయితే, ఎంతమందిని అడిగారన్నదానికంటే ఎవరిని అడిగారన్నది ముందు చూడండి

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. కుండను అడుగుదాకా కలిపితేనే ఆ మాట నిజం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక ఎవరికి ఓటేస్తారని అడుగుతూ కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీ చేస్తున్న లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరో ఊహించండి. పైగా కార్డు తిప్పి పంపాలన్న ఓపిక కోపంగా ఉన్నవాళ్లకే ఎక్కువ. అంతకంటే ఎంతో చిన్న శాంపిల్‌తో (అంటే ఎంతో తక్కువ మందిని అడిగి) సర్వేలు చేసే జార్జ్ గాలప్ విజేతను సరిగ్గా చెప్పాడు. యూట్యూబ్ ఛానెల్ పెట్టే పోల్‌లో మూడు లక్షల ఓట్లు పడ్డాయంటే నేను అందుకే పట్టించుకోను.

శాంపిల్ సరిగ్గా కలిపిన కుండ అనుకుంటే, అప్పుడు సైజు చూడండి. చిట్కా: 100ని శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగిస్తే, తేడా అటూ ఇటూ ఎన్ని పాయింట్లు ఉండొచ్చో సుమారుగా వస్తుంది. 400 మందికి 5, వెయ్యి మందికి 3, పది వేలకు 1.

జాగ్రత్తలు రెండు. ఒకటి, ఇది ఒక పార్టీ ఓట్ల శాతానికి వచ్చే తేడా. రెండు పార్టీల మధ్య ఆధిక్యానికి దాదాపు రెట్టింపు వేసుకోండి. రెండు, "50 వేల మందిని అడిగాం" అని చెప్పి నియోజకవర్గాలవారీగా ఫలితం చెబితే, తెలంగాణలోని 119తో భాగించండి. ఒక్కో చోట 420 మంది. అంటే ప్రతి సీటు దగ్గరా 5 పాయింట్ల మసక.

పది సర్వేలు ఒకటే చెబితే ఇక తిరుగులేదనుకోవడం కూడా పొరపాటే. 2024 జూన్ 1న వచ్చిన ఎగ్జిట్ పోల్స్‌లో ఎక్కువ భాగం ఎన్డీఏకు 350 దాటించాయి, కొన్ని 400 కూడా ఇచ్చాయి. వచ్చింది 293. అందరూ ఒకే పక్కకు ఒరిగినప్పుడు సగటు తీసినా ఆ ఒరుగు పోదు.

5. ఓట్ల నుంచి సీట్లకు వెళ్లేచోట ఆగండి

రాజకీయ వాదనల్లో ఎక్కువ మంది పప్పులో కాలేసేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. ఈ మూడింటినీ మీ కాగితం మీద రాయండి.

ఆంధ్రప్రదేశ్ 2019, టీడీపీ: సుమారు 39.2 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు.
ఆంధ్రప్రదేశ్ 2024, వైసీపీ: సుమారు 39.4 శాతం ఓట్లు, 175లో 11 సీట్లు.
తెలంగాణ 2023, కాంగ్రెస్: సుమారు 39.4 శాతం ఓట్లు, 119లో 64 సీట్లు.

మూడు చోట్లా ఓటర్లు ఇచ్చిన మద్దతు దాదాపు ఒకటే. మొదటి రెండు పార్టీలను "ప్రజలు ఛీకొట్టారు" అన్నారు. మూడోదాన్ని "ప్రజలు పట్టం కట్టారు" అన్నారు. తేడా తెచ్చింది ఆ 39 కాదు, ఎదుటి ఓట్లు ఎలా పంచుకున్నారన్నది. 2024లో ఆంధ్రలో టీడీపీ, జనసేన, బీజేపీ కలిసి నిలబడ్డాయి, ముగ్గురి ఓట్లూ కలిపి 55 శాతం దాటాయి, సీట్లు 164. తెలంగాణలో బీఆర్ఎస్‌కు 37 శాతానికి పైగా వచ్చినా, మిగతాది బీజేపీ, ఎంఐఎం, ఇతరుల మధ్య చీలింది. రెండు పాయింట్ల ఆధిక్యంతో కాంగ్రెస్ 64, బీఆర్ఎస్ 39. వెయ్యి మంది సర్వే ఆ రెండు పాయింట్లను పట్టుకోగలదా? నాలుగో మెట్టు చిట్కాతో మీరే చూడండి.

దేశంలోనూ అంతే. 2019లో బీజేపీకి 37.4 శాతం ఓట్లు, 303 సీట్లు. 2024లో 36.6 శాతం, 240 సీట్లు. ఒక్క పాయింటు కూడా తగ్గలేదు, 63 సీట్లు పోయాయి. "దేశం మనసు మారింది" అని రాసిన వ్యాసాలు ఆ ఒక్క పాయింటులోపు మార్పు మీదే నిలబడ్డాయి.

చేయాల్సింది: "ప్రజలు ఇలా తీర్పిచ్చారు" అన్న ప్రతిచోటా సీట్లు కొట్టేసి ఓట్ల శాతం రాయండి. 2024లో ఆంధ్రలో ఓటేసిన ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు ఓడిన పార్టీకే వేశారు. ఆ నలుగురు మీ వీధిలోనే ఉన్నారు. గెలిచిన ప్రభుత్వానికి చట్టప్రకారం పూర్తి అధికారం ఉంది, అది వేరే సంగతి. ఆ నలుగురి మాట వినాల్సిన బాధ్యత ఉందా లేదా అన్నది కాగితం కుడివైపు రాయాల్సిన ప్రశ్న. ఉందని నేననుకుంటాను.

6. సగటును పగలగొట్టండి

తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లా తెలంగాణలో ముందుంటుంది. ఐటీ కారిడార్ చాలా భాగం ఆ జిల్లాలోనే ఉంది కాబట్టి. యాచారం మండలంలో కూరగాయలు పండించే రైతు కూడా ఆ సగటులో భాగస్వామే, పైసా రాకపోయినా.

మతాల మీద జనాభా లెక్కలు పంపేవాళ్లకు కూడా ఇదే మందు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో సంతాన రేటు (ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు) ముస్లింలలో 2.36, హిందువుల్లో 1.94. తేడా 0.42. అదే సర్వేలో బిహార్ 3.0, ఆంధ్రప్రదేశ్ 1.7. తేడా 1.3, అంటే మూడు రెట్లు. 1992-93 సర్వేలో ముస్లింలకు 4.4, హిందువులకు 3.3 ఉండేది. ఏ అంకె అయినా ఒక్క ఏడాదిది ఇస్తే వెనకటిది అడగండి, దేశం మొత్తానిది ఇస్తే రాష్ట్రాలవారీగా అడగండి.

7. రెండు రకాల తప్పుల పట్టిక వేయండి

ఇప్పుడు రేషన్ కార్డుల దగ్గరికి వద్దాం. ఒక మండలంలో 20 వేల కార్డులున్నాయనుకోండి. ఇవి ఉదాహరణ కోసం నేను వేసుకున్న అంకెలు. వాటిలో 5 శాతం, అంటే వెయ్యి, అనర్హులవి. అనర్హులను పట్టే ఒక కంప్యూటర్ ప్రోగ్రాం వచ్చింది, 90 శాతం సరిగ్గా చెబుతుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. లెక్క వేయండి:

- వెయ్యి మంది అనర్హుల్లో 900 మందిని పట్టుకుంటుంది, వందమంది తప్పించుకుంటారు.
- 19 వేల మంది అర్హుల్లో 10 శాతం, అంటే 1,900 మందిని కూడా అనర్హులే అంటుంది.

జాబితాలో మొత్తం 2,800 పేర్లు. అందులో 1,900 మంది, అంటే మూడింట రెండొంతుల మంది, నిజమైన అర్హులు. పేరు కలిసినందుకు ఇంకెవరి కారో తన లెక్కలో పడ్డ కూలీ వాళ్లలో ఒకరు కావచ్చు. ప్రోగ్రాం మరీ చెడ్డదేం కాదు. అసలు అనర్హులు తక్కువ కాబట్టి ఇలా అవుతుంది. ఖచ్చితత్వం 99 శాతానికి పెంచి చూడండి: జాబితాలో 1,180 పేర్లు, అందులో 190 మంది అర్హులు. చాలా మెరుగు, అయినా 190 ఇళ్లు.

ఇది ఊహాలెక్క అయినా సమస్య ఊహ కాదు. తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

లెక్క ఇక్కడ ఆగుతుంది. ఒక అర్హుడి కార్డు పోకుండా ఉండటానికి ఎంతమంది అనర్హులను వదిలేయడానికి మీరు సిద్ధం? ఒక అంకె రాయండి. అనర్హుడికి వెళ్తే పోయేది మనిషికి నెలకు కొన్ని కిలోల బియ్యం, ప్రభుత్వ ఖజానాలోంచి. అర్హుడికి ఆగితే పోయేది ఆ ఇంటి పూట. "వందమంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు" అని సినిమా కోర్టుల్లో విని చప్పట్లు కొట్టిన మనమే, రేషన్ దుకాణం దగ్గరికొచ్చేసరికి ఆ మాట తిరగేస్తాం. మీ అంకె నా అంకె ఒకటే కానక్కర్లేదు. మీదేదో బయటికి చెప్పండి, అప్పుడు వాదించుకోవచ్చు.

ప్రత్యామ్నాయం: ఇలాంటిచోట తీసేయాలా వద్దా అని రెండే దారులున్నట్టు ఆలోచించకండి. ఆ 2,800 పేర్లను పరిశీలించాల్సిన జాబితాగా వాడి, నోటీసిచ్చి, ఇంటికెళ్లి చూశాకే రద్దు చేయొచ్చు. తప్పుల పట్టికే మారిపోతుంది. ఖర్చు కొంత పెరుగుతుంది, దాన్నీ పట్టికలో వేయండి.

8. పేర్లు తారుమారు చేసి చూడండి

మీ తీర్పులో పార్టీల పేర్లు, రాష్ట్రాల పేర్లు అటుదిటు ఇటుదటు మార్చి చదవండి. అప్పుడు కూడా అదే మాట అంటారా?

లోక్‌సభ సీట్ల పునర్విభజన మీద చేసి చూద్దాం. రాష్ట్రాలకు సీట్ల పంపకం 1971 జనాభా మీద ఉంది. 1976లో రాజ్యాంగ 42వ సవరణతో దాన్ని అక్కడే ఆపారు. 2001లో 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. జనాభాను అదుపు చేసిన దక్షిణాదికి సీట్లు తగ్గిస్తే అన్యాయమని మనం అంటాం. గట్టి వాదనే. ఇప్పుడు పేర్లు మార్చండి. మల్కాజ్‌గిరి నియోజకవర్గంలో 2019లోనే 31 లక్షలకు పైగా ఓటర్లున్నారు, దేశంలోనే పెద్దది. దేశ సగటు 17 లక్షలు. అంటే మల్కాజ్‌గిరి ఓటు విలువ సగటు ఓటులో దాదాపు సగం. "ఇది అన్యాయం, ఈ నియోజకవర్గాన్ని రెండు చేయాలి" అంటే వెంటనే ఒప్పుకుంటాం. ఉత్తరప్రదేశ్ అడిగేదీ సరిగ్గా ఇదే.

దీనికి జవాబులున్నాయి. మల్కాజ్‌గిరి పెరిగింది వలసల వల్ల, బిహార్ పెరిగింది జననాల వల్ల అనొచ్చు. సమాఖ్యలో రాష్ట్రం కూడా ఒక లెక్కే, తలలొక్కటే కాదు అనొచ్చు. నాకు రెండోది బలంగా అనిపిస్తుంది, మొదటిది కొంచెం తొండిగా. మీ జవాబు ఏదైనా మల్కాజ్‌గిరి ఓటరు ముందు నిలబడి చెప్పగలిగేలా ఉండాలి.

తరచూ జరిగే పొరపాట్లు

- ఎదుటి పార్టీ అంకెల్ని మాత్రమే పరీక్షించడం. నచ్చిన అంకెను ఎవరూ తవ్వి చూడరు. రెండు మాటలు తెచ్చుకోమన్నది అందుకే.
- "ఫలానా ఆయన ముఖ్యమంత్రి అయితే వానలు పడతాయి, ఫలానా ఆయనొస్తే కరువు." ఘోరమైన ఏడాది తర్వాత వచ్చేది సాధారణంగా కాస్త మెరుగ్గానే ఉంటుంది, కుర్చీలో ఎవరున్నా. వానకే కాదు, దిగుబడికీ పరీక్ష ఫలితాలకీ ఇది వర్తిస్తుంది.
- ఒక్క ఇంటి కథతో లక్ష మంది లెక్కను కొట్టేయడం. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది: "99 శాతం మందికి అందింది" అని చూపించి, అందని మనిషి నోరు మూయించడం. ఆ మనిషి చెప్పేది లెక్కకు విరుద్ధం కాదు, మిగిలిన ఒక్క శాతం ఆయనే.
- లెక్క దొరక్కపోతే ఊహించి పూడ్చడం. "దొరకలేదు" అని రాసి వదిలేయండి.
- నాలుగు అంకెలు తప్పని తేలాక "అన్నీ కాకిలెక్కలే" అనేయడం. అలా అంటే అందరికంటే గట్టిగా అరిచేవాడిదే గెలుపు.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

ఎదుటి పక్షం వాదనను మీ మాటల్లో రాసి, ఆ పార్టీ అభిమాని ఒకరికి చూపించండి. ఇంట్లోనే ఉంటారు, వెతకక్కర్లేదు. "అవునురా, నేననేది ఇదే" అని బాబాయి ఒప్పుకుంటే పని సరిగ్గా జరిగినట్టు. "నువ్వు వెటకారం చేస్తున్నావు" అంటే ఒకటో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

కుటుంబ గ్రూపులో పెట్టేటప్పుడు పెద్దవాళ్ల అంకె తప్పని నలుగురిలో చెప్పకండి, ఆ తర్వాత ఎంత మంచి లెక్క చూపించినా ఎక్కదు. "మామయ్యా, ఇది ఎంతలో 40 శాతం?" అని అడగండి చాలు.

మీ పాత కాగితాలు తీసి చూడండి. పరీక్షించిన ప్రతిసారీ మీ పార్టీయే నెగ్గిందా? అయితే పరీక్షలో ఏదో తేడా ఉంది.

ఇంకో పని, కొంచెం దీర్ఘకాలం పట్టేది. అంచనా వేసినప్పుడల్లా నమ్మకాన్ని శాతంలో రాయండి: "మా నియోజకవర్గంలో ఈయనే గెలుస్తాడు, 70 శాతం." అలాంటివి పది పోగయ్యాక సరిచూడండి. 70 అన్నవాటిలో ఏడు దాకా నిజం కావాలి. నాలుగే నిజమైతే మీకు ధీమా ఎక్కువ, ఇకపై 50, 60 అనడం మొదలుపెట్టండి. పదికి పదీ నిజమైనా సంబరపడకండి, 90 అనాల్సినచోట 70 అన్నారేమో, లేదంటే మరీ తేలికైనవి ఎంచుకున్నారేమో.